బోర్డు మాత్రమే బయటికి వెళ్ళింది

పోయిన నెలలో ఒక పొద్దున, సీతాఫల్‌మండిలో మా ఇంట్లో టిఫిన్ డబ్బాలు సర్దుతుంటే ఫోన్ మోగింది.

"బిడ్డా, మా అన్న పోయిండు. నిద్రల్నే పోయిండు. వదినె నిన్ను పిలుస్తున్నది, జర జల్ది రా."

మాట్లాడింది మా ఓనర్ సార్ తమ్ముడు. తార్నాకలో వాళ్ళిద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన నోట "మా అన్న" అనే మాట నేను వినలేదు. ఎప్పుడు ప్రస్తావన వచ్చినా "పక్కింటాయన" అనేవారు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ మాటే చెవిలో తిరిగింది. ఆటోలో కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

సార్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చెప్పి రిటైరైన మనిషి. నేను ఆయన విద్యార్థిని కాను. ఆయన ఇంటి ముందుగదిలో అద్దెకున్నదాన్ని, అది కూడా కాపురానికి కాదు, పనికి. మీలో ఎవరైనా పాత కార్ల ప్రదర్శనకు వెళ్ళి ఉంటే చూసే ఉంటారు. తళతళలాడే ప్రతి స్పోర్ట్స్ కారు పక్కనా స్టాండు మీద ఒక బోర్డు నిలబెట్టి ఉంటుంది. దాని మీద కారు బొమ్మ, అది ఏ దేశంలో తయారైంది, ఎన్ని చేతులు మారింది, ఎలా బాగు చేశారు, ఇప్పుడు ఎవరిది అన్న వివరాలు. అలాంటి బోర్డులు గీసి, రాసి ఇవ్వడమే నా పని. ఒకాయనకు తన కారు వెనక మంచుకొండలు కావాలి. ఇంకొకాయనకు సముద్రం కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు దాటని కార్లకు నేను ఏయే దేశాల రోడ్లు గీశానో నాకే గుర్తులేదు.

మా అత్తగారింట్లో కాగితం పరుచుకునేంత జాగా లేక ఆ గది తీసుకున్నాను. మొదట్లో ఊపిరాడినట్టు ఉండేది. కొన్నాళ్ళకు అదీ ఇరుకైపోయింది. పొద్దున్నుంచీ ఇంకొకళ్ళ కార్లు, ఇంకొకళ్ళ పేర్లు. "నా పేరు ఇంకొంచెం పెద్దగా వెయ్యండి మేడం." సార్ అప్పుడప్పుడు గుమ్మంలో నిలబడి చూసేవారు.

"నీ బొమ్మ ఎప్పుడు గీస్తవ్ బిడ్డా?"

"టైం దొరకాలె గదా సార్."

"నేను గూడ గట్లనే అనుకుంట ఉన్న," అని లోపలికి వెళ్ళిపోయేవారు.

ఆయన దేనికోసం టైం చూస్తున్నారో అప్పటికి నాకు తెలియదు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కారు ఉంది. ఎర్రది, పైకప్పు లేనిది, ఇద్దరే పట్టేది. సార్ కొత్తగా లెక్చరర్ అయిన రోజుల్లో, క్యాంపస్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చిన ఒక విదేశీ ప్రొఫెసర్ తిరిగి వెళ్తూ చెడిపోయిన ఆ కారును వదిలేసి వెళ్ళారట. అప్పుడు తమ్ముడు అన్న దగ్గరే ఉండి చదువుకుంటున్నారు. ఇద్దరూ కూర్చుని దాన్ని బాగు చేశారు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చిన రైతు కొడుకులు ఇద్దరు క్యాంపస్ రోడ్ల మీద దానిలో పోతుంటే హాస్టల్ పిల్లలు కిటికీల్లోంచి ఈలలు వేసేవాళ్ళని ఆంటీ చెప్పేది. ఆంటీ అంటే సార్ భార్య. "నాకు కూసునే సీటే దొరకకపోతుండె. ఎప్పుడు చూసినా వాళ్ళిద్దరే," అని నవ్వేది.

తర్వాత అన్నదమ్ములు కలిసి తార్నాకలో జాగా కొని, మధ్యలో కారుకు దారి వదిలి, అటొకటి ఇటొకటి ఇళ్ళు కట్టుకున్నారు. చాలా ఏళ్ళు బాగానే నడిచింది. ఒక రోజు తమ్ముడు, రెండిళ్ళూ పడగొట్టి పోటీ పరీక్షలు రాసే పిల్లలకు హాస్టల్ కడదామన్నారు. సార్ ఒప్పుకోలేదు. మాటకు మాట పెరిగి జాగా పంచుకున్నారు. కొలత తాడు సరిగ్గా కారు వచ్చిపోయే దారి మధ్యలో పడింది. ఎవరూ తగ్గలేదు. దారి మధ్యలో గోడ లేచింది. ఇటు ఒక స్కూటర్ పట్టే సందు, అటు ఒక స్కూటర్ పట్టే సందు మిగిలాయి. తమ్ముడు తన వైపు ఇల్లు పడగొట్టి అనుకున్న హాస్టల్ కట్టేశారు. సార్ వాటాకు వచ్చిన షెడ్డులో కారు అలాగే ఉండిపోయింది.

"విప్పి బయటికి తెచ్చి మళ్ళ బిగించుకోవచ్చు గదా సార్?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు విప్పాలె? మంచిగున్నది గదా బండి," అన్నారు.

కానీ ఆదివారం వస్తే మాత్రం ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. డబ్బాలో పెట్రోలు పొయ్యం అని బంకు వాళ్ళంటే, స్కూటర్లో పోయించుకొచ్చి, పైపుతో తీసి కారులో పోసేవారు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఇంజన్ స్టార్ట్ చేసేవారు. కారును మెల్లగా ముందుకు, గోడ దాకా తెచ్చి ఆపేవారు. మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకు. టైర్లు ఒకే చోట నలగకుండా అని చెప్పేవారు. పై అంతస్తుల్లోంచి హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. సార్ తలెత్తి చూసేవారు కాదు. పొగకు దగ్గుతూ, చొక్కా చేతులు మడుచుకుని, ఆ కాస్త జాగాలోనే గేర్లు మార్చేవారు. "నిలబెట్టిన బండి నడిచే బండికంటే తొందరగ పాడైతది," అనేవారు. నేను కుంచె పట్టుకుని కిటికీలోంచి చూసేదాన్ని. నా బల్ల మీద ఎవరిదో కారు మంచుకొండల మధ్య పోతూ ఉండేది.

ఒక రోజు, నా దగ్గర ఎప్పుడూ బోర్డులు చేయించుకునే డాక్టరుగారి బోర్డు ఆరబెట్టి ఉంటే, సార్ దాన్ని చాలాసేపు చూశారు.

"నా బండికి గూడ ఒకటి చెయ్."

"చేస్త సార్. కానీ బండి..." అని ఆగిపోయాను.

"బండి రాదు. బోర్డు వస్తది గదా. సందుల పడుతది."

వెనక ఏం గియ్యమంటారు, క్యాంపస్ రోడ్డు గియ్యనా అని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అది ఉన్నకాడ్నే గియ్. గోడ కనపడాలె."

అలాగే గీశాను. పాకుడు పట్టిన గోడ, దాని మీద హాస్టల్ పిల్లలు ఆరేసిన తువ్వాళ్ళు, ముందర ఎర్ర కారు. మంచుకొండలు గీసేటప్పుడు ఎన్నడూ పడనంత శ్రద్ధ పడ్డాను. యజమాని దగ్గర ఎవరి పేరు రాయాలని అడిగితే, "నాదే," అన్నారు సార్.

ఆ ఏడు పాత కార్ల ప్రదర్శన క్యాంపస్ మైదానంలోనే పెట్టారు. కారు లేకుండా బోర్డు పెట్టడమేమిటని నిర్వాహకులు అడ్డు చెప్పారు. డాక్టరుగారు తన కారును కొంచెం పక్కకు జరిపి జాగా ఇచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఖాళీ నేల పక్కన, బోర్డు పట్టుకుని సార్ పొద్దంతా నిలబడ్డారు. నాకు మొదట సిగ్గనిపించింది. వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడిగారు.

"బండేది సార్?"

"ఇంట్లున్నది."

"తీసుకురాలేదేంది?"

"రమ్మన్న. దానికి తొవ్వ దొరకలే."

వాళ్ళు నవ్వేవాళ్ళు. సార్ కూడా నవ్వేవారు. వాళ్ళు వెళ్ళాక నవ్వు ఆపి రుమాలుతో బోర్డు అంచులు తుడిచేవారు.

మధ్యాహ్నం సార్ టీ తాగడానికి వెళ్ళినప్పుడు తమ్ముడు వచ్చారు. హాస్టల్ పిల్లలెవరో బోర్డు ఫోటో తీసి చూపించారట. చేతులు వెనక్కి కట్టుకుని, అక్షరం అక్షరం చదివారు.

"గోడను గూడ గీసినవా బిడ్డా?"

"సార్ గియ్యమన్నరు."

"మంచిగొచ్చింది." ఎర్ర కారు బొమ్మ మీద వేలు పెట్టి, "ఒకటి తప్పున్నది. ఆ బండి మొదట్ల ఆకుపచ్చగుండె. ఎరుపు నేనేసిన. ఆయన ఊర్లె లేనప్పుడు, అడగకుండనే ఏసిన. అది రాయలే నువ్వు."

వెళ్ళబోతూ నా వైపు చూడకుండా అన్నారు. "గోడ సంగతి ఒక్క మాట అడిగితే నేను ఒక్క పూటల తీసేస్త. చెప్పు ఆయనకు."

సార్ వచ్చాక చెప్పాను. ఆయన ముందు ఆకుపచ్చ సంగతి పట్టుకున్నారు. "అవ్. వాడే ఏసిండు. ఊరికెళ్ళి వచ్చి చూస్తే మిరపకాయ లెక్క నిలబడ్డది బండి," అని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. గోడ సంగతికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"నేనే అడగాల్నా? వాడే తీసెయ్యొచ్చు గదా."

ఇద్దరికీ మనసులో ఉంది. ఇద్దరి మధ్యా నేను ఎన్నిసార్లు తిరిగానో. అటు వెళితే "అడగనీ," ఇటు వస్తే "తియ్యనీ." ఆంటీ విసిగిపోయి, "నువ్వు పని చేసుకో బిడ్డా, వీళ్ళు గింతే," అనేసింది. అయినా ఒకరోజు సార్ బోర్డు నా బల్ల మీద పెట్టి, "రంగు సంగతి రాయి. యజమాని కాడ వాని పేరు గూడ వెయ్, నా పేరు పక్కన, అదే సైజుల," అన్నారు. వేశాను. చూసి, బాగుందన్నారు.

మర్నాడు మళ్ళీ ఆ తెల్లచొక్కా వేసుకుని బయల్దేరారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. సందులోంచి వీధిలోకి వెళ్ళి, పక్కకు తిరిగి, తమ్ముడి హాస్టల్ గేటు ముందు ఆగారు. లోపల పిల్లలు బైకులు పెడుతున్నారు. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి ఏదో అడిగాడు. సార్ వెనక్కి తిరిగి వచ్చేశారు. ఎదురు వెళ్ళాను.

"ఏమైంది సార్?"

"రూం కావాల్నా అని అడిగిండు వాడు." చెప్పులు విడిచి మంచం మీద కూర్చున్నారు. "ఆ జాగల పునాది తవ్విన మనిషిని నేను. రూం కావాల్నట."

ఇంకోసారి వెళ్దాం, నేనూ వస్తానన్నాను. చలి తగ్గనీ అన్నారు. చలి తగ్గింది. పిల్లల పరీక్షల హడావిడి అయిపోనీ అన్నారు. అదీ అయిపోయింది. ఆదివారాలు మాత్రం కారు ముందుకు, వెనక్కి నడుస్తూనే ఉంది. చివరి రెండు మూడు వారాలు ఇంజన్ స్టార్ట్ చేసి, కదపకుండా సీట్లోనే కూర్చునేవారు. ఒళ్ళు బాగా లేదా అని అడిగితే, "అట్ల ముందుకు పోయి ఇట్ల వెనుకకొచ్చుడు విసుగొచ్చింది బిడ్డా," అన్నారు. ఆయన నోట విసుగు అనే మాట విన్నది ఆ ఒక్కసారే.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికి సందు మూసుకుపోయి ఉంది. ఐస్ బాక్స్ తెచ్చినవాళ్ళు దాన్ని లోపలికి పట్టించలేక మధ్యలో ఇరుక్కున్నారు. ముందు పట్టుకున్నవాళ్ళకు ముందుకు పోవడానికి లేదు, వెనకవాళ్ళకు దించడానికి లేదు. నిలువుగా లేపితే లోపలికి వస్తుందేమో గానీ, సార్‌ను పెట్టాక అలా బయటికి తేవడం ఎలా అని ఎవరో అన్నారు. ఆ మాట విని తమ్ముడు తమ వైపు వెళ్ళిపోయారు. కాసేపటికి గోడ అవతల దెబ్బ వినపడింది. గడ్డపారతో ఆయనే కొడుతున్నారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి చేయి వేశారు. ఇటుక మీద ఇటుక పేర్చిన పల్చటి గోడ, లోపల కడ్డీ లేదు, ఏమీ లేదు. చూస్తుండగానే పడిపోయింది. దుమ్ము ఆగాక చూస్తే, ఎప్పుడూ అక్కడ గోడ లేనట్టే ఉంది దారి.

ఆంటీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మరిదిని చూసి, గొంతు పెంచకుండానే అంది.

"మొన్న తీసినా అయిపోతుండె గదయ్యా."

ఆయన గడ్డపార పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ వెడల్పాటి దారిలోంచి సార్ వెళ్ళిపోయారు.

కర్మకాండలు అయ్యాక ఆంటీ మరిదినీ నన్నూ పిలిచి, "ఆ బండిని తీస్కపొండి. పొద్దుగాల లేస్తే అదే కనపడుతున్నది," అంది. ఎక్కడికి తీసుకుపోవాలో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. బ్యాటరీ దిగిపోయింది. హాస్టల్ పిల్లలు వెనక నుంచి నెట్టారు. తమ్ముడు స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. షెడ్డులోంచి, పడ్డ గోడ ఇటుకల మీదుగా, గేటు దాటి వీధిలోకి వచ్చింది కారు. ఎండలో ఆ ఎరుపు నేను గీసినదానికంటే చాలా వెలిసిపోయి ఉంది.

"ఎటు తిప్పమంటరు అంకుల్?" అని పిల్లలు అడిగారు.

వెనక ఒక ఆటో ఆగింది, దాని వెనక స్కూల్ వ్యాన్, దాని వెనక వాటర్ ట్యాంకర్. అందరూ హారన్లు కొడుతున్నారు. కారుకు అడ్డంగా ఏమీ లేదు, మెయిన్ రోడ్డు దాకా దారి ఖాళీగా ఉంది. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చునే ఉన్నారు.