భోగి మంటలో పడవ పలక

సముద్రం ఊసే లేని రాయపూర్‌లో మా పెరట్లోకి ఒక మోటారు పడవ వచ్చి కూర్చుంది. మా ఆయన రైలు పెట్టెల లోపలి చెక్కపని చేసి రిటైరైన ఏడాది అది. భన్‌పురిలో లారీలు నడిపే ఒక సేఠ్, తన తండ్రి ఎప్పుడో సరదాపడి కొన్న ఆ చిన్న పడవను ధమ్తరి వైపు డ్యామ్ నీళ్లలో మళ్లీ తిప్పాలనుకున్నాడు. ఇంజను బాగానే ఉంది. లోపలి సీటు చెక్కలు, అడుగు పలకలు, స్టీరింగు బిగించి ఉండే ముందు పలక మాత్రం చెదలు తినేశాయి. రైలు పెట్టెలు చేసిన చెయ్యి అయితేనే సరిపోతుందని లారీలో తెచ్చి దింపించి వెళ్లాడు. నేను బట్టలారేసుకునే చోటు కాస్తా పోయింది.

నాకు మొదటి రోజు నుంచీ దాన్ని చూస్తే ఒళ్లు మండేది. అప్పటికే ఆయన కుడిచెయ్యి కొద్దికొద్దిగా వణుకుతోంది. ఈ వణుకు పెరిగేదే గాని తగ్గేది కాదని, ఇంకో ఏడాది పనిముట్టు పట్టుకోగలిగితే అదృష్టమని డాక్టరు చెప్పాడు. ఉన్న ఆ ఒక్క ఏడాదీ పడవకు ధారపోస్తారేమిటని నా ఏడుపు.

"సెయ్యి ఆడినన్నాళ్లలో ఇదొక్కటీ పూర్తి సేసేత్తానే. ఇంకేటీ అడగను" అన్నారాయన.

గుఢియారీలో పాత ఇళ్ల తలుపులు, దూలాలు అమ్మే దుకాణాలన్నీ తిరిగి, బాగా ఎండిన టేకు ఏరి తెచ్చారు. చలికాలానికల్లా సీట్లూ అడుగు పలకలూ తయారైపోయాయి. మిగిలింది ముందు పలక. పడవ ఒంపుకు తగ్గట్టు అది రెండు వైపులా వంగి ఉంటుంది. ఆయన టేపు నమ్మే మనిషి కాదు. పాత ముక్కను ఊడదీసి, కొత్త చెక్క మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలు గీసి కోస్తారు. ఉద్యోగమంతా అలాగే చేశారు. పాత ముక్క లేకుండా ఊహ మీద గీయడం ఆయన లెక్కలో మోసమే. అందుకని ఆ చెదల పలకను దాని ఇత్తడి మరలతో సహా పెరటి గోడకు ఆనించి జాగ్రత్తగా ఎండబెట్టుకున్నారు. అది ఆనుకునే పక్క కర్రలు పుచ్చిపోతే అప్పటికే తీసి పారేశారు, ఆ ఒంపు చూసుకోవడానికి పడవలో ఇంకేమీ మిగల్లేదు.

భోగి ముందురోజు మా వీధి తెలుగు ఆడవాళ్లు మంటకు పాత కర్రల కోసం వచ్చారు. విరిగిన పీట ఇచ్చాను, ఎండు పుల్లలు ఇచ్చాను, ఆ పలకా ఇచ్చేశాను. తెలియక ఇచ్చానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. సగం తెలుసు. చెదలు పట్టింది ఇంట్లో ఎందుకని పైకి అనుకున్నానే గాని, అది పడవ మీద కక్షే. తెల్లవారేసరికి మంట ఎగిసిపడుతుంటే పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలాయన "అరే, హోలీ అభీ సే?" అని, హోలీ అప్పుడే వచ్చేసిందా అన్నట్టు నవ్వాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

మర్నాడు ఆయన పెరడంతా వెతికారు.

"ఏటండీ ఎతుకుతున్నారు?"

"నమూనా పలక. ఇక్కడే ఎట్టినాను."

"నానైతే సూడలేదు."

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి బయటికి వెళ్లారు. కాసేపటికి తిరిగొచ్చారు గాని మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అక్కడి నుంచి తిరుగుడు మొదలైంది. అలాంటి పడవదే ఇంకో పలక దొరుకుతుందేమోనని భన్‌పురి తుక్కు గొడౌన్లన్నీ గాలించారు. పాత పడవలు విప్పే చోట అడుగుదామని రైల్వే పాసు మీద రెండుసార్లు విశాఖపట్నం వెళ్లారు. రెండోసారి ఒక పలకను చంకన పెట్టుకుని సంబరంగా వచ్చారు. పడవలో పెట్టి చూస్తే జానెడు పొట్టి. ఆ రోజు అన్నం ముట్టలేదు. అప్పుడైనా నిజం చెప్పేయాల్సింది, నాకు నోరు రాలేదు. ఎండలు పోయాయి, వానలు పోయాయి. దసరా నాటికి ఆయన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంటున్నారు.

దీపావళి అయ్యాక ఒకరోజు "ముగ్గుపిండి తెచ్చీ" అన్నారు. ఆయన పక్కన కూర్చుని గుర్తున్నంత మేర చెబుతుంటే నేను నేల మీద ఆ పలక ఒంపు వేశాను. "లోనికి... ఇంకాస్త... ఆగు, చెరిపీ." మూడు రోజులు వేశాను, చెరిపాను. దాన్ని బట్టి అట్ట కోసి గుఢియారీలో ఒక వడ్రంగి మిస్త్రీకిచ్చాం. అతను చేసి తెచ్చిన పలక పడవలో చక్కగా కూర్చుంది.

మిస్త్రీ సంచిలోంచి కొత్త మరలు తీయబోతే ఆయన ఆపి, జేబులోంచి చిన్న గుడ్డ మూట తీశారు. విప్పితే నల్లగా మాడిన ఇత్తడి మరలు.

"యహీ లగావ్ భాయ్, పురానే వాలే హైఁ" అని, ఆ పాతవే బిగించమన్నారు.

మిస్త్రీ వెళ్లాక అడిగాను.

"ఎక్కడివండీ అవి?"

"భోగి బూడిదలో ఏరినాను."

"అప్పుడే నన్ను తిట్టుంటే బాగుండేది కదా!"

"తిడితే పలక తిరిగొచ్చేత్తాదేటే?"

సేఠ్ వచ్చి ముందు పలకను నిమిరి నిమిరి చూసి, ఇదెవరి పనితనమని అడిగాడు. మిస్త్రీదని చెప్పారు మా ఆయన. సీట్లు తనవని కూడా చెప్పుకోలేదు. పడవ లారీ ఎక్కి వెళ్లిపోయింది, నా బట్టల తాడు నాకు తిరిగొచ్చింది. ఆయన పోయాక కూడా ఆ తాడు దగ్గర నిలబడి ఎన్నిసార్లు ఏడ్చానో. నేను ఇచ్చేసిన ఆ రోజున పలక పెరట్లోనే ఉంది, ఆయన చెయ్యి ఇంకా పనికి ఆడుతూనే ఉంది.