సబీనా పిన్ని బూట్లు

ఐర్లండు పడమటి కొసన మా కానెమారాలో ఆదివారం చర్చికి బూట్లేసుకుని ఎవరూ బయల్దేరరు. వాటిని మెడలో వేలాడేసుకుని నాలుగు మైళ్లూ వట్టి కాళ్లతో నడుస్తాం. ఊరి ముందు వంతెన దగ్గర కాళ్లు కడుక్కుని అప్పుడు తొడుక్కుంటాం. బురదలో అరగదీసుకోవడానికి అవేమన్నా ఊరికే వచ్చాయా?

మా సబీనా పిన్ని రెండు చలికాలాలు మేజోళ్లు అల్లి అమ్మి బూట్లు కొనుక్కుంది. ఆ ఆదివారం ఆమె వంతెన దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, కెమెరా పెట్టెతో ఒక ఇంగ్లండు దొర దిగబడ్డాడు. బూట్లు దూరంగా పెట్టించాడు. ఎవరిదో పందిపిల్లను తెప్పించి ఆమె చేతిలో పెట్టించాడు.

"బూట్లేసుకున్నాక ఇంకోటి తీస్తాడేమో అడగవే" అంది పిన్ని నాతో. మా ఇళ్లల్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. అడిగాను. ఆయన నవ్వి, పెట్టె సర్దుకుని పోయాడు.

ఏడాది తిరక్కుండా ఆ ఫొటో పోస్టుకార్డై గాల్వే పట్నం అంగళ్లలోకి వచ్చింది. కింద ఇంగ్లీషులో ఉన్నది మా బడి మాస్టారు అందరి ముందూ చదివారు: "ఐరిష్ ఇల్లాలు, ఆదివారం అలంకరణలో." వాళ్ల పత్రికల్లో మమ్మల్ని కోతి మూతులతో గీయడం మాకు కొత్త కాదు. గీసినవాణ్ణి తిట్టుకుని ఊరుకోవచ్చు. ఫొటోలో ఉన్నది మాత్రం అచ్చంగా పిన్నే.

"నా బూట్లు ఇదిగో, ఇక్కడున్నాయి మాస్టారూ" అని ఆమె కార్డు అంచు పక్కన వేలితో గాల్లో చూపించింది.

మరుసటి ఏడు మా తిండికి ఆధారమైన బంగాళాదుంపలు చేలల్లోనే కుళ్లిపోయాయి. కార్డు పట్టుకుని దొరలు వెతుక్కుంటూ వస్తుంటే, ఊళ్లో హోటలు నడిపే ఆయన పిన్నిని వంతెన మీద పనికి పెట్టుకున్నాడు. వట్టి కాళ్లు, చేతిలో పందిపిల్ల, అదే పని.

"ఆదివారం ఒక్కపూటన్నా బూట్లేసుకోనివ్వండయ్యా" అని బతిమాలింది.

"బూట్లున్న ఆడవాళ్లు వాళ్ల ఊళ్లో లేరా సబీనమ్మా? పిల్లలకి తిండి వద్దంటే చెప్పు, ఇంకొకత్తిని చూసుకుంటా" అన్నాడు.

నలుగురు పిల్లలు. ఏం చేస్తుంది? పదహారేళ్లు నిలబడింది. ప్రతి శనివారం మాత్రం బూట్లకు కొవ్వు రాసి మెరిపించేది. "నవ్వితే నవ్వుకోండి. నేనూ బూట్లున్న మనిషినేనని ఒక్క ఫొటో పడితే చాలు నాకు" అనేది. హోటలాయన మీదా, ఏమీ చేయలేని నా మీదా నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఒక దొరసాని వచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. బూట్లతో తీస్తారా అని నేనడిగితే సరేనంది. పిన్ని గబగబా రాయి మీద కూర్చుంది. కాళ్లు పట్టలేదు. రాళ్ల మీద నిలబడీ నిలబడీ పాదాలు పళ్లేల్లా పరుచుకున్నాయి. నేను మడమ పట్టి తోశాను. ఆమె పళ్లు బిగించి లాగింది. ఊహూ.

"పోన్లేవే, చేత్తో పట్టుకుంటా. నావేనని తెలుస్తుందిగా" అని పందిపిల్లను కిందికి వదిలి, బూట్లను గుండెలకు హత్తుకుని నిలబడింది.

మాటిచ్చినట్టే దొరసాని కార్డు పంపింది. పిన్ని చేతులు తుడుచుకుని అందుకుంది.

"కింద ఏం రాశారే?"

"బూట్లిచ్చినా ఎక్కడ తొడుక్కోవాలో తెలియని ఐరిష్ ఆడది" అని ఉంది.

"'సబీనా, తన బూట్లతో' అని రాశారు పిన్నీ" అన్నాను.

ఆమె దాన్ని పొయ్యి పైన గోడకు అంటించి, వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. మాస్టారు వస్తున్నారంటే నేను ముందే వెళ్లి ఆ గోడకు వీపానించి నిలబడతాను.