పేదల వాటా

ఈ బక్రీదుకి మా వదిన బొమికలూ కొవ్వూ ఏరి పేదలకిచ్చే కవర్లో వేస్తోంది. మెత్తటి ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టడానికి పక్కన ఉంచింది. ఆ పచ్చిమాంసం వాసనకి వన్‌టౌన్‌లోని మా పాత వంటిల్లు గుర్తొచ్చి, వదిన చేసే పనికి నాకు ఒళ్ళు మండింది.

నా చిన్నప్పుడు అక్కడ పండక్కి బలిచ్చిన కుర్బానీ మాంసం పంచేది మా నానమ్మ. పేదలకో వాటా, బంధువులకో వాటా, ఇంటికో వాటా. తొడ ముక్కలన్నీ పేదల గిన్నెలోకే వెళ్ళేవి. మాకు మెడా, పక్కటెముకలూ మిగిలేవి. ఆవిడకి మేమంటే గిట్టదనే అనుకునేదాన్ని.

ఒక ఏడాది ఉండబట్టలేక అడిగేశాను. "మంచి ముక్కలన్నీ వాళ్ళకేనా? మేం బొమికలు చీకాలా?"

ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తలేదు. "నీకు మీ నాన్న ఆదివారం తెస్తాడు. వాళ్ళకెవడు తెస్తాడే? నోరు మూసుకుని ఆ కవర్లు అందుకో."

ఆ పూట కోపంతో పచ్చడన్నమే తిన్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

ఇప్పుడు మా వదిన కవరు ముడి వేస్తూ, "వాళ్ళు ఏదైనా తింటార్లే" అంది.

నేను ఆ ముడి విప్పి, బొమికల్ని మా గిన్నెలో గుమ్మరించి, మెత్తటి ముక్కల్ని కవర్లోకి తోశాను.

"మనమూ ఏదైనా తింటాంలే వదినా."