బద్ద ఎంతవరకు ముంచాలి

మా నాన్నది కొబ్బరి ఒలుపు పని. నేలలో ఇనుప బద్ద నిలువుగా పాతి, దాని మొనకు కాయను గుచ్చి, ఒళ్లంతా బరువు వేసి పైనున్న పీచు డొక్క చీలుస్తాడు. అది మెత్తటి ఇనుము కావడంతో మధ్యాహ్నానికే మొన మొద్దుబారేది. మెటలర్జీ డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, ఆ బాధ నేను తీరుస్తానన్నాను. అందులో ప్రేమ ఎంతుందో పొగరూ అంతే ఉంది.

కొత్తపేటలో కమ్మరి తాతగారి కొలిమిలో పాత లారీ కమాను పట్టీని బద్దగా సాగదీయించాను. ఎర్రగా కాలిన బద్దను ఆయన కొస వరకే నీళ్లలో ముంచబోతే అడ్డుపడ్డాను. ఉక్కు ఎర్రబడినప్పుడు లోపల పరమాణువుల అమరిక మారుతుంది, ఆ అమరికలో కర్బనానికి చోటు దొరుకుతుంది. ఒక్కసారిగా చల్లారిస్తే ఉక్కు పాత అమరికకు తిరగబోతుంది గానీ, కర్బనం బయటపడే వ్యవధి లేక ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకే గట్టిదనం. అది కొసకే ఎందుకు, మొత్తానికీ రావాలని నా వాదన.

"మొత్తం ముంచితే విరుగుద్దండి" అన్నారు తాతగారు.

పెళుసు తగ్గాలంటే మళ్లీ కాస్త వేడి చేయాలని నేనూ చదివాను. కానీ నా మాటే నెగ్గి మొత్తం ముంచి తీశాక, ఆకురాయితో రుద్దితే గీత కూడా పడలేదు. ఆ మురిపెంలో ఇంకేమీ చేయనివ్వలేదు.

రెండో రోజు బద్ద నేలమట్టానికి విరిగింది. నాన్న ఆ ముక్కమీదే పడ్డాడు. అరచేతికి ఏడు కుట్లు. అడిగినవాళ్లందరికీ కాలు జారిందని చెప్పాడు. అది విని సిగ్గుతో తలెత్తుకోలేకపోయాను. ఇంకోటి చేస్తానని చెప్పినప్పుడు మాత్రం మెల్లగా అన్నాడు. "చాల్లేమ్మా. నాకున్నయ్యి ఈ రెండు చేతులేను."

తిట్టి ఉంటే ఊరుకునేదాన్నేమో. మర్నాడే కొలిమికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. తాతగారు దెప్పకుండా సుత్తి చేతికిచ్చారు. ఈసారి కొస మాత్రమే ముంచి తీశాం. దాన్ని రాయిమీద రుద్ది తెల్లగా చేస్తే, వెనక మిగిలిన వేడి కొసకు పాకడం కంటికే కనిపిస్తుంది. ముందు గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా. ఇరుక్కున్న కర్బనం కొద్దికొద్దిగా సర్దుకుంటోందన్నమాట. ఊదా రాగానే పూర్తిగా ముంచెయ్యాలి. అలా చేసినవాటిలో మొదటిదానికి ఆలస్యం చేశాను, మొన మెత్తబడింది. రెండోదానికి తొందరపడ్డాను, సుత్తితో కొడితే కొస ఎగిరిపోయింది. మూడోది ఎంత బాదినా విరగలేదు.

దాన్ని పెరట్లో పాతి నేనే ఒలవడం మొదలుపెట్టాను. వంద కాయలు ఒలిచాకే నాన్నని పిలవాలని పంతం. ముప్పైకే చేతులు బొబ్బలెక్కాయి. కుట్లు విప్పించుకున్న నాన్న అరుగుమీద కూర్చుని చూస్తున్నాడు. నేను ఆపలేదు.

అరవై దాటాక లేచి వచ్చాడు.

"చేతుల్తో నొక్కితే ఎలాగమ్మా? ఒళ్లు వెయ్యాలి" అంటూ నా చేతిలో కాయ తీసుకున్నాడు. మచ్చ ఇంకా ఎర్రగా ఉన్న అరచేత్తోనే దాన్ని మొనకు గుచ్చి, మొత్తం బరువు వేశాడు. నేను కళ్లు మూసుకున్నాను. డొక్క చీలిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి నాన్న ఇంకో కాయ కోసం చెయ్యి చాపి ఉన్నాడు.