గీత మీది దుమ్ము

ఆ రోజు కొండాపూర్‌లో ఒక ఫ్లాటులో వంటగది గట్టుకు క్వార్ట్జ్ రాయి కోస్తున్నాను. మా పనిలో ఒక అలవాటుంది. కట్టర్ ఆపి, పెన్సిల్ గీత మీద పడ్డ దుమ్మును నోటితో ఊదేసి, గీత కనబడగానే మళ్లీ కోస్తాం. ఆ రోజు ఊదితే దుమ్ము కదల్లేదు. మళ్లీ ఊదాను. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్లకు చీకట్లు కమ్మాయి. నా దగ్గరే పని నేర్చుకున్న బామ్మర్ది శ్రీను వంగి ఒక్కసారి ఊదితే గీత తేలింది. "ఏంది బావా, పొద్దున తినలేదా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా నాన్న బొగ్గు బాయిలో పనిచేశాడు. గని పైకప్పు రాతికి డ్రిల్లుతో రంధ్రాలు వేసేవాడు. ఇంటికి రాగానే అమ్మ చేతిలో బెల్లం ముక్క పెట్టేది, గొంతులో దుమ్ము దిగిపోతుందని. అయినా దగ్గి దగ్గి పోయాడు. "నువ్వు బాయిలకు దిగకు బిడ్డా. గీ నల్ల దుమ్ము నాతోనే పోనీ" అనేవాడు. అందుకే ఈ ఊరొచ్చి, బోరబండలో ఇల్లు కిరాయికి తీసుకుని రాతి పనిలో పడ్డాను. ఇక్కడి దుమ్ము తెల్లగా పిండిలా ఉంటుంది. ఇదేం చేస్తుందిలే అనుకున్నాను. బెల్లం ముక్క మాత్రం రోజూ జేబులో ఉండేది.

నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు. కానీ రంగులూ చెక్కపనీ అయిపోయిన ఇంట్లో నీళ్లంటే ఎవరూ ఒప్పుకోరు. పక్క ఫ్లాటువాళ్లు గొడవ చేయకుండా తలుపులన్నీ మూసుకుని కోసేవాళ్లం. వాళ్ల ఇల్లు శుభ్రంగానే ఉండేది.

దగ్గు తగ్గలేదు. ఒళ్లు సగమైంది. దవాఖానలో ఎక్స్-రే చూసి టీబీ అన్నారు. ఏం పని చేస్తావని అడిగితే "కిచెన్ ఫిట్టింగ్ సార్" అన్నాను. మా పనికి ఇక్కడ అదే పేరు. నేను బీరువాలు బిగిస్తాననుకున్నాడేమో డాక్టరు, ఇంకేమీ అడగలేదు. తెమడ పరీక్షలో ఏమీ దొరకకపోయినా మందులు మొదలుపెట్టారు. వాంతులైనా, మూత్రం ఎర్రగా వచ్చినా కోర్సంతా మింగాను. ఆయాసం అలాగే ఉంది. కాస్త ఓపిక వచ్చిన రోజున కట్టర్ పట్టుకుని పనికీ పోయాను.

చివరికి నా భార్య సునీత ఇంకో ఆసుపత్రికి లాక్కుపోయింది. ఆమె ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. అక్కడా నేను కిచెన్ ఫిట్టింగ్ అనబోతుంటే ఆమె అడ్డం పడింది. "రాయి కోస్తడు మేడం. అంగి దులిపితె నాకే దగ్గొస్తది."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. సీటీ స్కాన్ తీయించింది. ఊపిరి బలం కొలిచే పీఎఫ్‌టీ గదిలో గొట్టం నోట్లో పెట్టి "ఊదండి, ఇంకా, ఇంకా ఊదండి" అన్నారు. ఎంత ఊదినా చాలలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

"ఇది సిలికోసిస్ అండీ" అంది డాక్టరమ్మ. "రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టేసింది. ఇవి పోవు. ఇక పెరగకూడదంటే ముందు ఆ పని మానేయాలి."

"రోజూ బెల్లం తిన్న గద మేడం?"

"అది కడుపులోకి పోతుందండీ."

నాన్న సంగతి చెప్పాను. పైకప్పు తొలిచేటప్పుడు ఆయన పీల్చింది ఒక్క బొగ్గే కాదు, రాతి దుమ్ము కూడా అయి ఉంటుందంది. నన్ను ఏ దుమ్ము నుంచి కాపాడాలనుకున్నాడో దాన్నే ఇంతకాలం పీల్చాను.

పని మానేశాక కూడా చలికాలంలో నిమోనియా వచ్చి ఆక్సిజన్ మీద పడ్డాను. ఇప్పుడు మదీనాగూడలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే ఉద్యోగం. జేబులో బెల్లం బదులు ఇన్‌హేలర్ ఉంటుంది. స్నానం చేసినా అలసటే. విసుగొస్తుంది.

శ్రీను మాత్రం నీళ్లు లేకుండానే కోస్తున్నాడు. నాకదే దిగులు. పరీక్ష చేయించుకోమంటే "నాకు దగ్గు లేదు గద బావా" అన్నాడు.

"నాకూ లేకుండెరా."

సునీత తమ్ముడి చేయి పట్టుకుంది. "మీ ఇద్దరినీ నేను మొయ్యలేనురా" అంది. వాడు మాతో వచ్చాడు.

అదే డాక్టరమ్మ వాణ్ని ఏం పని చేస్తావని అడిగింది. "కిచెన్..." అని ఆగి నా వైపు చూశాడు. "రాయి కోస్త మేడం. నీళ్లు లేకుంట, తలుపులు మూసుకొని." ఎక్స్-రేలో అప్పుడే చిన్న చుక్కలున్నాయి. ఇప్పుడే ఆపేస్తే మంచిదంది. పీఎఫ్‌టీ గదిలో వాడు ఊదుతుంటే బయట విన్నాను. పొడుగ్గా, గట్టిగా ఊదాడు. సంతోషమేసింది, కుళ్లూ పుట్టింది. మర్నాడు తన కట్టర్ తెచ్చి మా మంచం కింద పెట్టాడు.

దవాఖానకు పోతే దగ్గు గురించి చెప్పేముందు పని గురించి చెప్పండి. పని పేరు కాదు, మీ చేతులు రోజంతా ఏం చేస్తాయో అది చెప్పండి.