మోకాలు ఎవరిదో తేలని పూట

మా అమ్మమ్మ కూర్చుని టీ తాగగా చూసినవాళ్ళు లేరు. సగం గ్లాసు పొయ్యి పక్కన తాగుతుంది, మిగతా సగం మెట్ల మీద చల్లారిపోయి దొరుకుతుంది. మాటలూ అంతే. "ఆ కిటికీ వేసేసి..." అంటూ పక్కగదిలోకి వెళ్ళిపోతుంది. వేసేసి ఏం చెయ్యాలో మనమే ఊహించుకోవాలి. కాలు కాలిన పిల్లి అన్న మాట ఎవరు పుట్టించారోగానీ, మా అమ్మమ్మని చూశాకే పుట్టించి ఉంటారు.

అలాంటి మనిషి జీవితమంతా పని చేసింది ఎక్కడనుకున్నారు? కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేసిపెట్టే వర్క్‌షాపులో. టైపిస్టుగా చేరింది. ఎవరూ చెప్పకపోయినా పుస్తకాలు తిరగేసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. వచ్చినవాళ్ళ వివరాలు, కొలతలు, ఎవరి వంతు ఎప్పుడు, స్టోర్‌లో ఏ సామాను ఎంత ఉంది, అన్నీ ఒక్కచోట ఉండేలా ఒక ప్రోగ్రాం కట్టింది. రిటైరయ్యే వయసు దాటినా ఆవిడని వదల్లేదు. ఆ ప్రోగ్రాంలో ఎక్కడ ఏముందో ఆవిడకే సగం గుర్తు, మిగతావాళ్ళకి ఆ సగం కూడా లేదు.

నేను పదో తరగతిలో లెక్కలకి దండం పెట్టి బయటపడ్డదాన్ని. అదే వర్క్‌షాపు ముందు హాల్లో బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళ పేరు, ఏ కాలు, ఎక్కడిదాకా తీసేశారు అన్నవి కంప్యూటర్లో ఎక్కించడం నా పని. డేటాబేస్ గురించి నాకు తెలిసినదంతా అమ్మమ్మ తిట్లలోంచి ఏరుకున్నదే.

పెద్ద ఆఫీసుల్లో డేటాబేసుకి వేరే యంత్రం, వేరే కాపలావాళ్ళు ఉంటారట. మాది ప్రోగ్రాం కడుపులోనే ఉండే చిన్న డేటాబేస్. అంతా కలిపి ఒకే ఒక్క ఫైలు, మెట్ల కింద కంప్యూటర్లో ఉంటుంది. ఎంతమందైనా ఒకేసారి చదువుకోవచ్చు. రాయడం మాత్రం ఒకరి తర్వాత ఒకరే. "ఒకే బాత్‌రూమ్ ఉన్న ఇల్లనుకోవే," అనేది అమ్మమ్మ. "లోపలున్నవాడు గడియ తీసేదాకా బయటివాళ్ళు ఆగాలి."

కొత్తలో ఒకసారి అమ్మమ్మ ఒక ముసలాయన రికార్డులో ఎడమ అని పడ్డదాన్ని కుడి అని దిద్దబోయింది. ఎవరికి దిద్దాలో చెప్పే షరతు రాయకముందే ఫోను మోగింది. లేచింది, మాట్లాడింది, తిరిగొచ్చి అలాగే ఎంటర్ నొక్కింది. అంతే, వర్క్‌షాపుకి వచ్చినవాళ్ళందరికీ కుడికాళ్ళే పోయినట్టు రాసుకుంది డేటాబేస్. ప్లాస్టర్ గదిలో అచ్చులు పోసే ప్లాస్టర్ మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు: "మీ అమ్మమ్మ ఒక్క వేలితో ఇన్ని కుడికాళ్ళు తీసేసింది. ఏ డాక్టరూ చెయ్యలేదు ఆ పని."

ఆ దెబ్బతో ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. చేత్తో ఏది దిద్దాలన్నా ముందు 'బిగిన్' అని కొడుతుంది. ఆ తర్వాత చేసే మార్పులు ఆవిడకి తప్ప ఎవరికీ కనిపించవు. చూసుకుని, సరిగ్గా ఉంటే 'కమిట్' అంటుంది, ఖాయమైపోతుంది. తేడాగా ఉంటే 'రోల్‌బ్యాక్' అంటుంది, అసలేమీ జరగనట్టే. మంచి పద్ధతి. కాకపోతే మొదటి మాటకీ చివరి మాటకీ మధ్య మనిషి కుర్చీలో ఉండాలి.

ఇక ఆ పూట సంగతి.

మోకాలి పైదాకా కాలు పోయినవాళ్ళకి మోకాలి జాయింటు కావాలి. అవి బయటినుంచి విడతలుగా వస్తాయి. ఆ విడతలో ఒక్కటే మిగిలింది. మళ్ళీ ఎప్పుడొస్తాయో పంపేవాళ్ళకే తెలియదు. వరసలో ముందున్నది పోస్టావిడ, ఇంటింటికీ ఉత్తరాలు పంచే మనిషి. లారీ వెనక్కి తీస్తుంటే చక్రం కింద కాలు నలిగింది. నడవగలిగితే మళ్ళీ వీధుల్లోకి పంపుతామన్నారు, లేకపోతే ఎప్పటికీ గదిలో కూర్చుని ముద్రలు కొట్టడమే. "కొట్టీ కొట్టీ ఒకరోజు నా నుదుటి మీద కూడా కొట్టుకునేలా ఉన్నానమ్మా," అంది నాతో.

ఆవిడ వెనకే ఉన్నది కత్తెర తాత. అంటే అమ్మమ్మ తమ్ముడు. సెలూన్ ఆయనది. షుగరు ముదిరి కాలు తీసేశారు. నిలబడితేనే కత్తెర ఆడే పని. షాపు షట్టరు దించి ఉన్నంతకాలం ఆయన తలలన్నీ ఒక్కొక్కటే ఎదుటి షాపుకి వెళ్ళిపోతున్నాయి.

ముందు నమోదైనవాళ్ళకే ముందు. ఆ నియమం ప్రోగ్రాంలో రాసింది అమ్మమ్మే. సూపర్‌వైజరు తన బావమరిది కోసం ఒకసారి గొణిగితే ఒంటికాలి మీద లేచింది. ఆ హాల్లో ఒంటికాలి మీద లేవడం పెద్ద గొప్ప కాదనుకోండి.

పొద్దున్నే కత్తెర తాత బెంచీ మీద చంక కర్రలు ఆనించి కూర్చున్నాడు. పోస్టావిడ అప్పటికే ప్లాస్టర్ గదిలో ఉంది. అమ్మమ్మ అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన ఆవిడ పైట కొంగు పట్టి ఆపాడు.

"అక్కా, నువ్వు రాసిన ప్రోగ్రామే కదా. ఒక్క నంబరు పైకి జరిపితే దానికి తెలుస్తుందా పాడా?"

"దానికి తెలియదురా. నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏం? నువ్వు నా అక్కవేగా!"

"నోరు మూసుకుని కూర్చో. మళ్ళీ ఆ మాటన్నావంటే రెండోది కూడా విరగ్గొడతా."

"విరగ్గొట్టు. అప్పుడు రెండు మోకాళ్ళు కావాలని ఇంకా ముందు పెడతారు."

అమ్మమ్మ కొంగు విదిలించుకుని స్టోర్ గదిలోకి వెళ్ళింది. బోల్టులు చూసి వస్తానంది. కాసేపటికి బయటికొచ్చి, టీ పోసుకుని, తాగకుండా నా బల్ల మీద పెట్టి, వరండాలోకి వెళ్ళింది. మొహం అదోలా ఉంది. పొద్దుటి మాటలకి కోపమేమో అనుకున్నాను.

అప్పుడే నేను ఒక కొత్తాయన వివరాలు ఎక్కించి సేవ్ నొక్కాను. తెర కాసేపు ఆలోచించి, డేటాబేస్ లాక్ అయి ఉందని చెప్పింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే పాట. ఈలోపు లోపలి నుంచి ప్లాస్టర్ మామయ్య కేక:

"పెద్దమ్మా! కొలతలు ఎక్కట్లేదు. పోస్టావిడకి మోకాలు ఇచ్చినట్టు రాద్దామంటే అదీ ఎక్కట్లేదు. రాయకుండా స్టోర్‌లోంచి పెట్టె కదలదు!"

అమ్మమ్మ పరుగున వచ్చింది. ముందు నామీద పడింది. "నువ్వే! రెండేసి సార్లు నొక్కొద్దని ఎన్నిసార్లు చెప్పానే?"

"ఒక్కసారే నొక్కాను."

"నీ ఒక్కసారి నాకు తెలీదూ!"

తెర మీద లాక్ అని కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా, కుదురులేని మనిషి కదా, దారిలో ఉన్నవన్నీ కదిలించుకుంటూ వెళ్ళింది. మెట్ల కింద వంగి ఫోల్డరు అనుమతులు చూసింది. ఫైలు ఒక్కటే రాయనిస్తే చాలదట, అది ఉన్న ఫోల్డరు కూడా రాయనివ్వాలట. రాసేటప్పుడు డేటాబేస్ పక్కనే ఒక చిత్తు ఫైలు పెట్టుకుంటుందట. అవన్నీ బాగానే ఉన్నాయి. డిస్కు నిండిందేమో చూసింది. సగం ఖాళీ. నకలు తీసే ప్రోగ్రాం ఫైలుని పట్టుకుని కూర్చుందేమోనని దాన్ని ఆపింది. లాభం లేదు. అసలు ప్రోగ్రాంనే ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. వరసలూ పేర్లూ చక్కగా కనిపిస్తున్నాయి. రాయబోతే మాత్రం గడియ.

"పాత యంత్రం ఇచ్చి పని చెయ్యమంటే ఇలాగే ఉంటుంది," అని సూపర్‌వైజరు మీద ఎగిరింది. ఆడలేక మద్దెల ఓడని అంటారే, అది.

"మేడమ్, ప్లగ్ పీకేద్దాం," అన్నాడాయన. "అన్నీ పోయి మళ్ళీ వస్తాయి."

"రోగం తెలియకుండా చావగొట్టి బతికిస్తానంటే ఎలాగండీ? ఎవరో లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఆ మనిషెవరో తెలియాలి." ప్రతి గది గుమ్మంలోనూ తల దూర్చి అరిచింది: "ఎవరండీ, మొదలుపెట్టి మధ్యలో వదిలేసింది? ఏదైనా దిద్దబోయి లేచిపోయినవాళ్ళెవరు? చెప్పండి, ఏమీ అనను!"

వరండా మధ్యలో ఆ మాట అంటూ అంటూ ఆగిపోయింది. మాట కాదు, మనిషే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అలా కదలకుండా నిలబడడం నేను చూడలేదు. భయం వేసింది. తర్వాత నెమ్మదిగా స్టోర్ గది వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

అరల మధ్య చిన్న బల్ల మీద, మెట్ల కింద కంప్యూటర్లోకి నేరుగా వెళ్ళే లాప్‌టాప్, మూత సగం వాల్చి ఉంది. ఎత్తింది. తెర మీద బిగిన్ ఉంది. దాని కింద ఒక మార్పు ఉంది. కత్తెర తాత వంతు పోస్టావిడ వంతుకి ముందు. ఆ కింద ఏమీ లేదు, గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఎదురుచూస్తోంది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు," అన్నాను.

నవ్వలేదు. "నేను చెయ్యలేదే. కొట్టాను, చూశాను. వద్దనిపించింది. లేచొచ్చేశా. చెయ్యలేదనే అనుకున్నా."

"నువ్వనుకుంటే సరిపోతుందా? దానికి చెప్పద్దూ?"

చెప్పాల్సింది ఒక్క మాట. ఏ మాట చెప్పినా గడియ ఊడుతుంది. ఒక మాటకి మోకాలు తమ్ముడిది, ఇంకో మాటకి పోస్టావిడది. అమ్మమ్మ ఆ ఇరుకు గదిలో అరకీ అరకీ మధ్య తిరిగింది. అట్టపెట్టె తెరిచి మోకాలు తీసింది. వంచింది, చాచింది. మళ్ళీ వంచింది.

"వాడి షాపు పోతుందే."

"మరి ఆవిడ?"

"తెలుసే. తెలుసు." పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసింది. కీబోర్డు మీద వేలు పెట్టి, తీసేసింది.

బయటినుంచి సూపర్‌వైజరు: "మేడమ్, ఇక ఆగలేం. ప్లగ్ పీకేస్తున్నా!"

నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్ల కింద కంప్యూటర్‌కి కరెంటు పోతే సగంలో ఉన్న మార్పు దానంతటదే రద్దయిపోతుంది. ఎవరికీ తెలియదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. "ఊరుకో. పీకనీ."

"ఆగండి!" అని గది అదిరేలా అరిచింది. తర్వాత నాతో గొంతు తగ్గించి, "రేపు వాడు అడిగితే ఏం చెప్పనే? నీకివ్వనన్నది నేను కాదురా, కరెంటు అనా?"

వంగి, నిలబడే, రోల్‌బ్యాక్ అని కొట్టింది. ఎంటర్ నొక్కాక కూడా వేలు తియ్యలేదు.

"ఎక్కింది!" అని ప్లాస్టర్ గదిలోంచి కేక.

అమ్మమ్మ మోకాలి పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చింది. సూపర్‌వైజరు ప్లగ్ దగ్గర వంగి ఉన్నాడు. "ఏమైంది మేడమ్? ఎవరు?"

"నేనే. మా తమ్ముణ్ణి ముందుకి జరపబోయాను. మధ్యలో మనసొప్పక లేచిపోయాను. తాళం నా దగ్గరే ఉండిపోయింది."

చక్రాల కుర్చీలో అప్పుడే బయటికొచ్చిన పోస్టావిడ అంతా విన్నది. హాలు హాలంతా ఆవిడ ఏమంటుందా అని చూసింది. ఆవిడ చెయ్యి చాచి పెట్టె అందుకుంది. గట్టిగా ఒళ్ళో పెట్టుకుంది.

"మా అన్నయ్యైతే లేచేవాడు కాదండీ," అంది. "నొక్కేసేవాడు."

కత్తెర తాత మాత్రం మండిపడ్డాడు. చంక కర్రలు టకటకా ఆనించుకుంటూ లేచాడు. "ఇవ్వకపోతే ఇవ్వకపోయావు. చెయ్యలేనిదానివి మొదలెందుకు పెట్టావు? పెట్టినదానివి ముగించవేం? ఇప్పుడు నేను దొంగనీ కాదు, దొరనీ కాదు. ఎందుకూ కొరగాని మొహం పెట్టుకుని ఈ హాల్లోంచి నడిచి వెళ్ళాలి!"

"ఒరేయ్, ఆగరా..."

ఆగలేదు. ఆ కర్రల మీద అంత వేగంగా వెళ్ళగలడని నాకూ తెలియదు.

ఆ రోజంతా అమ్మమ్మ ప్రోగ్రాం ముందు అడ్డదిడ్డంగా తిరుగుతూనే ఉంది. చేత్తో ఏది దిద్దబోయి ఎవరు లేచిపోయినా, కాసేపటికి ఆ మార్పు దానంతటదే వెనక్కి వెళ్ళేలా రాసింది. "ఎవరి కోసమో తెలుస్తూనే ఉంది," అన్నాను. నా నెత్తిన ఒకటి మొట్టింది. తర్వాత ప్లాస్టర్ గదిలోకి వెళ్ళి, మామయ్యతో ఏదో గుసగుసలాడి, మూలపడి ఉన్న చక్రాల స్టూలు ఒకటి తోసుకొచ్చింది. దాని మీద ఎండిన ప్లాస్టర్ గీకింది. సీటు పైకి లేపి స్క్రూ బిగించింది. సూపర్‌వైజరుని అడిగి మరీ వీధిలోకి దింపింది.

సాయంత్రం ఆ స్టూలుని గుంతలు తప్పించుకుంటూ సెలూన్ దాకా తోశాం. షట్టరు సగం లేచి ఉంది. కత్తెర తాత లోపల అద్దం ముందు ఊరికే కూర్చున్నాడు.

"ఏం తెచ్చావు? ఇది కూడా సగంలో పట్టుకుపోతావా?"

"ఎక్కరా ముందు."

"కూర్చుని క్షవరం చేసేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"నిలబడి ప్రోగ్రాం రాసేదాన్ని చూస్తున్నావుగా. ఎక్కు."

గొణుగుతూనే ఎక్కాడు. మంచి కాలితో నేలని తన్నాడు. స్టూలు గిర్రున వెళ్ళి గోడకి గుద్దుకుంది. రెండోసారి తిన్నగా వచ్చింది. మూడోసారికి కుర్చీ చుట్టూ ఒక అర్ధచంద్రం తిరిగాడు. ఇద్దరూ ఒకేసారి నా జడ వైపు చూశారు.

"వద్దు," అన్నాను.

"కూర్చోవే," అన్నారు ఇద్దరూ.

సరే, నా చెవుల పక్క ఎలా తయారైందో చెప్పను. నేల మీద పడ్డ వెంట్రుకలు చక్రాలకి చుట్టుకుంటున్నాయి, స్టూలు మొరాయిస్తోంది. అమ్మమ్మ నేల మీద మోకాళ్ళూని ఒక్కొక్క చక్రంలోంచీ వెంట్రుకలు లాగుతోంది. ఇద్దరూ ఇంకా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు, 'కాలు తియ్యి', 'చెయ్యి నలుగుతుంది' అన్న మాటలు తప్ప.

ఇంతలో ఎదుటి షాపులో వంతు కోసం విసిగిపోయిన ఒకాయన రోడ్డు దాటొచ్చి షట్టరు కింద నుంచి తొంగి చూశాడు. "తెరిచారా? నాది ఒక్క నిమిషం పనే. ఈ అమ్మాయిని కాసేపు ఆపి..."

కత్తెర తాత కత్తెర గాల్లోనే ఆపాడు. ఓరగా కిందికి, అక్క వైపు చూశాడు.

"బెంచీ మీద కూర్చోండి," అన్నాడు. "ఈ పిల్ల తర్వాతే మీరు. మా ఇంట్లో వరసంటే వరసే."

అమ్మమ్మ తల ఎత్తలేదు. చక్రంలో ఇరుక్కున్న నా జుట్టు లాగుతూనే ఉంది.