జమీందారు గారి దోనె

నాగేశ్వరప్రసాద్ గారి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఈ లోకంలో ఏ ప్రాణి అయినా హాయిగా కూర్చుని ఉందంటే ఆయన నమ్మరు. మీరు కాలు మీద కాలేసుకుని, కళ్లు మూసుకుని, గోదావరి గాలికి కునికిపాట్లు పడుతున్నా సరే, ఆయన వచ్చి కాసేపు మీ నడుము వైపు జాలిగా చూస్తారు. తర్వాత ఒక దిండు తెస్తారు. ఆ దిండు వద్దన్నవాళ్లు ఏటికి ఈ గట్టునా లేరు, ఆ గట్టునా లేరు. ఎందుకంటే వద్దంటే ఆయన రెండు తెస్తారు.

ఏటి నడుమ లంకలో ఆయనకు కొబ్బరితోటలున్నాయి, మంచి పేరుంది, కన్యక లాంటి ఇల్లాలుంది. ఇంట్లో లేనివల్లా దిండ్లే. కన్యక కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు బూరుగుదూదితో కుట్టించి పంపిన దిండ్లలో ఒకటి పోస్టుమాను సైకిలు సీటు మీద ఊరూరా తిరుగుతోంది. ఒకటి కూరగాయలమ్మి స్వాధీనంలోకి వెళ్లింది. ఒకటి గేదె మెడ కింద అరిగిపోయింది.

"గేదెకి దిండెందుకండీ?" అని కన్యక అడిగింది.

"తొట్టి అంచు మెడకి ఒరుసుకుంటోంది కన్యకా. పాపం."

ఆయన నోట "పాపం" అన్న మాట వినపడితే చాలు, కన్యక ఇంట్లో మెత్తగా ఉన్నవన్నీ బీరువాలో పెట్టి తాళం వేసేది. తాను మాత్రం చీర మడతపెట్టి తల కింద పెట్టుకునేది.

మేనకోడలి పెళ్లిచూపులు వీళ్లింట్లోనే జరిగాయి. పెళ్లికొడుకు తండ్రి భీమవరంలో రొయ్యల మేత వ్యాపారి, భారీ మనిషి. ఆయన కుర్చీలో కూర్చోగానే ప్రసాద్ గారు వీపు వెనక దిండు పెట్టారు. "పర్వాలేదండి" అన్నాడాయన. "మీరు మొహమాటపడుతున్నారండి" అని ఈయన ఇంకోటి దూర్చారు. అలా దూర్చగా దూర్చగా పెళ్లికొడుకు తండ్రి కుర్చీ అంచుకి వచ్చాడు, కాజాల పళ్లెం ఆయన ఒళ్లోకి వచ్చింది, చివరికి ఆయనా పళ్లెమూ కలిసి నేల మీదకి వచ్చారు. నేల మీద చతికిలబడి, మొదటిసారి ఊపిరి పీల్చుకుని, "ఇక్కడ బావుందండి" అన్నాడు పాపం పెద్దమనిషి. ప్రసాద్ గారు పరుపు తేవడానికి లోపలికి పరిగెత్తారు. ఇంత జరిగాక కూడా ఆ సంబంధం కుదిరిందంటే పిల్ల జాతకం గట్టిది.

వీళ్ల పక్కిల్లు లోవమ్మగారిది. ప్రసాద్ గారికి స్వయానా దొడ్డమ్మ. కిందటి వర్షాల్లో రేవు మెట్ల మీద జారిపడినప్పటి నుంచి ఆవిడ మోకాళ్లు వంగడం మానేశాయి, నడుము ఆవిడ మాట వినడం మానేసింది. ఈ సంగతి లంకంతా తెలుసు. తెలిసినట్టు మాత్రం ఆవిడ ఎదుట కనపడకూడదు. ఎవరైనా చెయ్యి అందించబోతే ఆ చేతిలో ఓ చేంతాడో, చేటో పెట్టి, "ఖాళీగా ఉన్నట్టున్నావు, ఇది లోపల పెట్టు" అనేది.

అలాంటి ఆవిడకి చిక్కొచ్చి పడింది. ద్రాక్షారామంలో కూతురింట్లో మనవరాలు సాయిసుధకి ఆడపిల్ల పుట్టింది. తాతమ్మ వచ్చి ఒళ్లోకి తీసుకుంటే గానీ బారసాల నాడు పిల్లని ఉయ్యాల్లో వెయ్యనని సాయిసుధ కబురు పెట్టింది. ఏరు దాటాలి. దాటడానికి ఉన్నవి తాటిదోనెలు. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో అడుగున గొంతుక్కూర్చుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకోవాలి. అంత సన్నం. తుమ్మొస్తే అవతలి గట్టు చేరాక తుమ్మాలి. వంగని మోకాళ్లతో అందులో కూర్చోవడం అయ్యే పని కాదు.

కన్యక వెళ్లి మెల్లగా కదిపి చూసింది. "అత్తయ్యగారూ, పెద్ద పడవ మాట్లాడదామండీ. ఇసక మేటల వల్ల అది ఒడ్డుదాకా రాదనుకోండి, మనవాళ్లు నలుగురు మిమ్మల్ని మంచం మీద..."

"నలుగురు కలిసి నన్ను మోసే రోజు ఎలాగూ వస్తుందమ్మాయ్, తొందరేముంది?" అంది లోవమ్మగారు. "అయినా నాకేం, రాయిలా ఉన్నాను. మా జమీందారే దోనె ఎక్కడు. వాణ్ని ఒక్కణ్నీ వదిలేసి నేనెలా వెళ్లను?"

జమీందారంటే ఆవిడ కుక్క. పొద్దున్న అరుగుకి తూర్పు పక్క, సాయంత్రం పడమటి పక్క పడుకోవడం తప్ప దానికి వేరే వ్యాపకం లేదు కనుక ఆ పేరు. తన పేరు వినపడినా అది కన్ను తెరవలేదు. లోవమ్మగారు మాత్రం ఆ మాట అనేసి ఏటివైపు చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ప్రసాద్ గారు, "పాపం" అన్నారు.

"అవునండీ" అంది కన్యక ఆశగా.

"దోనెలో ఇరుగ్గా ఉంటుంది కదా. జమీందారుకి కాళ్లు పట్టేస్తాయి."

కన్యక ఆయన వంక చూసి, ఇంటికొచ్చి బీరువా తాళం సరిచూసుకుంది.

మర్నాటి నుంచి రేవులో పని మొదలైంది. దోనెలు నడిపే బుల్లబ్బాయి సాయం. ముందు కొబ్బరిపీచు పరుపు కుట్టించారు. దాన్ని అడుగున పరిస్తే తడి ఎక్కుతుందన్నారు ప్రసాద్ గారు. ఎత్తుగా బల్ల వేసి, దాని మీద పరుపు పెట్టి, ఎలా ఉందో చూద్దామని ఆయనే ఎక్కి కూర్చున్నారు. దోనె మర్యాదగా పక్కకి ఒరిగి ఆయన్ని ఏట్లో దింపింది. పట్టుకోబోయిన బుల్లబ్బాయిని కూడా దింపింది.

"కుక్కకి కుర్చీ ఏంటండి బాబూ?" అన్నాడు బుల్లబ్బాయి, నోట్లో నీళ్లు ఊసి.

"కింద కూర్చుంటే లేవలేడు."

"కుక్కండి ఆయ్."

"అందుకే, పాపం, నోరు తెరిచి చెప్పుకోలేడు. ఇంకో దోనె తెచ్చి దీని పక్కన కట్టు. రెండూ కలిస్తే ఒరగదు."

రెండు దోనెలు జతకట్టి సంగడి చేశారు. పరుపు వెనక ఆనుకోవడానికి చెక్క వచ్చింది. పైన తాటాకు పందిరి వచ్చింది. పక్కన పట్టుకోవడానికి నున్నగా చిత్రిక పట్టిన వెదురు కడ్డీ వచ్చింది. ఒడ్డు నుంచి సంగడిలోకి వాలుగా వెడల్పాటి బల్ల వచ్చింది.

"కుక్క కడ్డీ ఎలా పట్టుకుంటుందండి?" అన్నాడు బుల్లబ్బాయి.

"మోచెయ్యి ఆనించుకుంటాడు."

"ఈ బల్లెందుకండి?"

"వాడు దూకలేడయ్యా."

సరిగ్గా ఆ మాటప్పుడే జమీందారు లోవమ్మగారి ప్రహరీ మీంచి ఒక్క దూకు దూకి, బుల్లబ్బాయి కోడిపుంజు వెంటపడి, రేవు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి, మళ్లీ గోడ దూకి వెళ్లిపోయింది. బుల్లబ్బాయి అది వెళ్లినవైపు చూశాడు. ప్రసాద్ గారు మేకు కొడుతూనే ఉన్నారు.

"వచ్చే జన్మంటూ ఉంటే మీ పక్కింట్లో కుక్కగా పుట్టాలండి" అన్నాడు బుల్లబ్బాయి.

"నువ్వు ఇందాకట్నించీ వంకరగా కూర్చున్నావు. లే, గోనె మడిచి వేస్తాను."

లంకలో నవ్వనివాడు పాపాత్ముడు. బారసాల దగ్గరికొచ్చింది. కన్యకకి ఇక ఓపిక పోయి రేవుకొచ్చి నిలదీసింది.

"ఏమండీ, ముసలావిడ లోపల కుమిలిపోతుంటే మీరు కుక్కకి సింహాసనం కడుతున్నారా? కాస్త ఆవిడకి నచ్చజెప్పండి."

"దొడ్డమ్మకేమైంది? జమీందారు ఎక్కనంటున్నాడని ఆవిడే చెప్పింది కదా. పెద్దావిడ అబద్ధమాడుతుందా?" అన్నారాయన అమాయకంగా. "వచ్చావు కదా, ఓసారి ఎక్కి చూపించు. అలా చెంగున కాదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఆగి ఆగి ఎక్కు."

"కుక్క నడుము మీద చెయ్యెక్కడ పెట్టుకుంటుందండీ?"

"చెప్పినట్టు ఎక్కు కన్యకా."

తిట్టుకుంటూనే ఎక్కి పరుపు మీద కూర్చుంది. ఆయన కింద గొంతుక్కూర్చుని ఆమె కాళ్ల వంక చూసి, "నీకంటే బెత్తెడు పొట్టి" అని గొణుక్కుని, రంపం తీసి పరుపు కింది బల్ల కాళ్లు కోశారు. కన్యకకి ఒళ్లు మండి ఇంటికి వెళ్లిపోయింది.

బారసాల రోజు తెల్లవారింది. లోవమ్మగారు కర్ర తాటించుకుంటూ రేవుకొచ్చింది. "మీరు వెళ్లి రండి. వాడెలాగూ ఎక్కడు. ఎక్కకపోవడం చూసిపోదామని వచ్చాను" అంది. ఎక్కకపోవడం చూడ్డానికి జరీ అంచు పట్టుచీర కట్టుకుని వచ్చింది. చేతిలో పాపకి కుట్టిన గౌన్ల సంచీ ఉంది. కన్యక ఆ చీరనీ సంచీనీ చూసి తల తిప్పుకుంది.

జమీందారు బల్ల మీదుగా దర్జాగా నడిచి సంగడిలోకి వెళ్లింది. పరుపు వాసన చూసింది. నచ్చలేదు. పక్క దోనెలోకి దిగి, వట్టి చెక్క మీద బుల్లబ్బాయి కాళ్లకి ఆనుకుని పడుకుంది. రోజూ మధ్యాహ్నం దోనెల్లో నిద్రపోయేది అక్కడే అన్నట్టుంది దాని వాలకం.

"అయ్యో, ఎక్కాడు గానీ సీటు వదిలేశాడు" అన్నారు ప్రసాద్ గారు గాభరాగా. "ఇటుపక్క బరువు లేకపోతే సంగడి ఒరిగిపోతుంది. ఏం చేద్దాం బుల్లబ్బాయ్?"

"ఏముందండి, కొబ్బరికాయల బస్తా పడేద్దాం."

ప్రసాద్ గారు జన్మలో ఎవరినీ చూడనంత కోపంగా బుల్లబ్బాయిని చూశారు. "కాయలు దొర్లుతాయి."

"బియ్యం బస్తా అండి?"

"తడుస్తుంది."

"పోనీ ఇసక..."

"ఊరుకోవయ్యా నువ్వు" అంది లోవమ్మగారు. "ఒకపక్క ముహూర్తం దాటిపోతుంటే బస్తాలెక్కడ వెతుకుతారు? నేను కూర్చుంటాలే."

నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఆగి ఆగి, బల్ల ఎక్కింది. పడబోతుందనుకున్నచోట కడ్డీ ఆవిడ చేతికి తగిలింది. కూర్చుంటే మోకాళ్లు వంచక్కర్లేకపోయింది, పాదాలు సరిగ్గా అడుగుకి ఆనాయి. వెనక చెక్క ఆవిడ వీపు వంపుకి అతికినట్టు సరిపోయింది. ఎవరూ చెయ్యి అందించలేదు. లంకంతా గట్టు మీద నిలబడి ఆకాశం వైపు చూసింది.

కన్యకకి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషిని ఎన్ని మాటలంది! మొగుడి మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక, "మీరు తిన్నగా కూర్చోండి, నడుం పట్టేస్తుంది" అని ఆయన్ని కసిరింది. ఆయన అదిరిపడి తిన్నగా కూర్చున్నారు.

అవతలి గట్టు నుంచి అంబాసిడర్లో ద్రాక్షారామం చేరారు. జమీందారు ముందు సీట్లో, డ్రైవరు పక్కన. గుమ్మం ముందు కారు ఆగగానే సాయిసుధ లోపల్నించి పరిగెత్తుకొచ్చి, తాను బాలింతనన్న మాట కూడా మర్చిపోయి లోవమ్మగారిని వాటేసుకుంది.

"అమ్మమ్మా, నువ్వు రాలేవన్నారు అందరూ. ఎలా వచ్చావు?"

"నాకేమే, రాయిలా ఉన్నాను" అంది లోవమ్మగారు. "నాకసలు వచ్చే ఉద్దేశం లేదు. ఈ జమీందారు వింటేనా? పాపని చూడాలని ఒకటే గొడవ. వీడికి తోడొచ్చాను."

సాయిసుధ మేనమామ వైపు చూసింది. ప్రసాద్ గారు గంభీరంగా తలూపారు. నమ్మకం కుదరక కన్యక వైపు తిరిగింది. "నిజమేనా అత్తా?"

"నిజమేనమ్మా" అంది కన్యక, ఏమాత్రం తడుముకోకుండా. "మేమెంత చెప్పినా వినలేదు. పొద్దున్నే స్నానం చేసి కూర్చున్నాడు."

లోవమ్మగారు ఎత్తుపీట మీద కూర్చుని చేతులు చాచింది. సాయిసుధ పాపని తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. ఆవిడ పాప బుగ్గ మీద వేలితో రాసి, "చూశావటే, నీ కోసం ఎవరొచ్చారో" అని గుమ్మం వైపు చూపించింది. జమీందారు అప్పటికే అక్కడ అడ్డంగా పడుకుని నిద్రపోతోంది.